కూతవేటు

నమోదు 1

గాలి ఆగ్నేయం, ఓ మోస్తరు. తాగునీటి తొట్టి సగం ఉంది. పడమటి వరుస డ్రమ్ములకు పట్టిన గుల్ల గీకాం. వాటిలో కొన్ని మార్చక తప్పదు.

నా భార్య మాణిక్యం పోయిన నాటి నుంచి ఈ నమోదు ఖాళీగా ఉంది. ఇవాళ నూకరాజు సరంగు వచ్చి నా గుమ్మంలో కూర్చున్నాడు. మా డ్రమ్ముల తెప్పకు పెద్ద ఆయనే. కాసేపు నీళ్ళ వంక చూశాడు.

"తెప్ప ఉన్నన్నాళ్ళూ నమోదు ఉండాల, మేష్టారూ. మనసు బాగోపోతే గాలి ఒకటీ రాయి సాలు. మిగతాది ఆ గాలే లాక్కొస్తాది."

ఆయన వచ్చిన పని అది కాదు. లేచి, గుమ్మం పట్టుకుని, అప్పుడు చెప్పాడు. ఇనపతెప్ప వాళ్ళు గోడ చాటు తమకు కావాలంటున్నారు. మమ్మల్ని గోదాకు పిలిచారు.

మునిగిపోయిన పాత రేవులో ఆ గోడ ఒక్కటే నీటి పైన మిగిలింది. తుపాన్ల కాలంలో దాని చాటున ఒక్క తెప్పకే చోటు. మా తాతల కాలంలో ఆ చోటు కోసం పడవలు తగలబెట్టుకున్నారు, మనుషులు పోయారు. ఇప్పుడు తెర మీద బొమ్మల చేత కొట్టించుకుని తేల్చుకుంటాం. ఓడినవాళ్ళు నోరెత్తకుండా నడిసంద్రానికి పోవాలి. ఇనపతెప్పను ఓడ పొట్ట మీద కట్టారు. ఇంజను ఉంది. ఎంత గాలికైనా ఆగుతుంది. మాది డ్రమ్ములు, చెక్కలు, తాళ్ళు. వాళ్ళకు గోడ చాటు సుఖం. మాకు ప్రాణం.

ఇన్నేళ్ళూ ఆ చోటు గెలిచి పెట్టింది మాణిక్యం.

"ఈపాలి పోలమ్మ ఆడతాది. గుణదోసాలు రాసియ్యి," అని సరంగు వెళ్ళిపోయాడు.

నమోదు 2

గాలి అలాగే ఉంది. చేపలు ఎండాయి. గుణదోషాలు రాశాను.

గోదాలో ఒక తెప్ప బొమ్మను ఇంకో తెప్ప ఆడకూడదు. అది కట్టుబాటు. మాకు రెండు బొమ్మలు.

గరిడీ తాత. గుణం, కర్ర. దూరం నుంచే కొడతాడు, గురి ఉంది, ఎదుటివాడు గెంతితే గాలిలోనే పడగొడతాడు. దోషం, మోకాళ్ళు. ఒకసారి కింద పడితే లేచేసరికి ఎదుటివాడు పని ముగిస్తాడు. ఇంకో దోషం, కోపం. దెబ్బ తగిలినకొద్దీ బలం పెరుగుతుంది, గురి పోతుంది. పులి మీద పనికిరాడు.

చెడుగుడు చిన్నమ్మి. గుణం, పాదం. గోదాలో అంత వేగంగా నడిమి గీత దాటేవాళ్ళు లేరు. కూత పెట్టిందంటే ఒంట్లో బలం రెట్టింపు. వేలు తాకినా ఎదుటివాడికి దెబ్బే. దోషం, కూత పెడుతూ పట్టు పట్టలేదు. పట్టాలంటే కూత ఆపాలి, ఆపితే బలం ఉండదు. కాబట్టి వెళ్ళాలి, తాకాలి, వెనక్కి రావాలి. అవతలి సగంలో కూత తెగితే ఆమె చిన్నపిల్లతో సమానం.

ఇనపతెప్ప వాళ్ళ పులివేషం. గుణం, గెంతు, పంజా, ఒంటి బరువు. దోషం, తోక. వెనక్కి తిరగడం ఆలస్యం. దగ్గర నిలబడిన మనిషి మీదికి గెంతలేదు. అయినా వాళ్ళ ఆటగాడు లోకనాథం పులిని చిన్నమ్మికి దగ్గరగానే నిలబెడతాడు. కూతలో ఆమె పట్టదని అతనికి తెలుసు. తగిలే దెబ్బలు కాచుకుంటూ, కూత తెగే క్షణం కోసం చూస్తాడు. మాణిక్యం ఆ క్షణానికి అక్కడ ఉండేది కాదు. ఆమె ఆటంతా అదే.

ఎవరైనా ఎదుటివాణ్ణి పట్టి గీత ఇవతలికి ఈడిస్తే ఆ రౌండు ఈడ్చినవాళ్ళదే. చిన్నమ్మి ఎవరినీ ఈడ్చింది లేదు.

ఇదంతా మాణిక్యం చెబుతుండగా ఏటేటా రాసిందే. ఈసారి ఎవరూ చెప్పకుండా రాశాను. ఒక్క ముక్క మారలేదు.

నమోదు 3

గాలి పెరిగింది. ఎండ బాగుంది కాబట్టి సౌరపలకల కరెంటు మధ్యాహ్నం సాధనకు ఇచ్చారు. ఎండ లేని రోజు సాధన లేదు. ఉన్న కరెంటు నీళ్ళ యంత్రానికే చాలదు.

పోలమ్మ వలలు అల్లే మనిషి. ముప్పై దాటింది. మాణిక్యాన్ని అప్పా అని పిలిచేది, నన్ను బావా అంటుంది. ఆట మాణిక్యం దగ్గరే నేర్చుకుంది. ఇవాళ యంత్రం ఆడించే పులితో ఆడి, వరసగా ఓడింది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఊరుకోరు.

"ఒలే, అది పులే, మీ ఆయన కాదు. మెల్లగా తాకితే పడిపోడు!"

"వేలు సూడండే, వేలు దించేస్తంది. లేపే పోలమ్మా!"

పోలమ్మ చటుక్కున కుడి చిటికెన వేలు పైకి లేపింది. నిటారుగా.

నేను ఆమె చేతి వంక చూశాను. చుట్టూ చూశాను. ఒకామె ఒళ్ళో పిల్లను కూర్చోబెట్టుకుని ఉత్త చెక్క మీద మీటలు నేర్పుతోంది. పిల్ల చిటికెన వేలు గాలిలో ఉంది. టీ గ్లాసు పట్టుకున్న ముసలామె వేలూ గాలిలోనే ఉంది. మా తెప్పలో చిన్నమ్మిని ఆడే మొదటి పాఠం అది. వేలు లేపు.

మాణిక్యం అలాగే ఆడేది. ఆమె ఆడుతున్నప్పుడు నేను తెర చూసేవాణ్ణి కాదు, చెయ్యీ చూసేవాణ్ణి కాదు. ముఖం చూసేవాణ్ణి.

పెళ్ళైన కొత్తలో లంగరు తాడు ఆ వేలికి చుట్టుకుంది. ఎముక విరిగింది. అతుక్కుంది గానీ మరి వంగలేదు. చలి రోజుల్లో సలిపేది. నువ్వుల నూనె వేడిచేసి రాసేవాణ్ణి. దాని గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. దాచలేదు కూడా. అడిగినవాళ్ళు లేరు.

ఆమెకు ముందు మా తెప్పలో చిన్నమ్మిని ఆడినవాళ్ళే లేరు. అందరూ తాతనే ఆడేవారు. చిన్నమ్మి అంటే మాణిక్యమే. ఆమె ఎలా కూర్చుంటే అలా కూర్చున్నారు. ఆమె వేలు ఎలా ఉంటే అలా ఉంచారు.

మీటల పలక దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. కుడి చేతికి అయిదు మీటలు. బొటనవేలికి గెంతు. చూపుడు వేలికి దెబ్బ. నడిమి వేలికి తన్ను. ఉంగరపు వేలికి పట్టు. చివర, చిటికెన వేలు వాలే చోట, కూత.

పోలమ్మ కూత పెట్టిన ప్రతిసారీ ఉంగరపు వేలు పట్టు మీట వదిలేసి పక్కకు జరుగుతోంది.

"ఏటి బావా, పలక కింద ఏటైనా పడిపోనాదేటి?" అంది పోలమ్మ.

లేదన్నాను. ఇంటికి వచ్చాను.

నమోదు 4

గాలి నైరుతికి తిరిగింది. ఒక డ్రమ్ము పగిలింది. మార్చాం.

పొద్దున పోలమ్మ ఒక్కతే వల బాగు చేసుకుంటుంటే వెళ్ళి మాణిక్యం వేలి సంగతీ, కూత మీట సంగతీ చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"అప్ప సెప్పింది తప్పంతావా?"

"అప్ప ఏం చెప్పింది?"

"వేలు లేపమని."

"చెప్పిందా, చూసి నేర్చుకున్నావా?"

పోలమ్మ ఆలోచించింది. ఆలోచించడం ఆమెకు నచ్చలేదు.

"సెప్పక్కర్లేదు. అప్ప సేత్తే మాం సేత్తాం. ఇన్నేళ్ళు గెలిసింది కదేటి? నువ్వు గట్టు మీద కాలేజీ సదివినావు గానీ బావా, ఓ పాలైనా పలక ముట్టుకున్నావా?"

"లేదు."

"మరేటి? అప్పకి వేలు వంగదంతే ఊరు ఏటనుకుంతాది? కుంటిదాని ఆట ఇన్నేళ్ళు ఎత్తుకున్నాం అనుకోదా? నాను ఒప్పను."

ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నాకు రాలేదు. నాకు రావడం ఎప్పుడో ఆగిపోయింది.

"కుంటిది కాదు," అన్నాను. "నాలుగు వేళ్ళతో అయిదు వేళ్ళవాళ్ళను ఇన్నేళ్ళు కొట్టింది. నీకు అయిదున్నాయి."

పోలమ్మ వల పక్కన పడేసి లేచింది. "రా," అంది.

కరెంటు ఇమ్మని సరంగును అడిగితే గొణిగి ఇచ్చాడు. పోలమ్మ పలక ముందు కూర్చుంది. ఉంగరపు వేలు పట్టు మీద ఉంచమన్నాను. చిటికెన వేలు కూత మీద పెట్టి నొక్కి పట్టమన్నాను. వేలు వణికింది. జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. పులి ఆమెను నాలుగుసార్లు చీల్చింది.

అయిదోసారి చిన్నమ్మి కూత పెట్టి గీత దాటింది. పులి దగ్గరగా నిలబడింది. పోలమ్మ కూత వదలకుండానే పట్టు నొక్కింది.

చిన్నమ్మి పులి నడుం పట్టుకుంది. కూత వినిపిస్తూనే ఉంది. ఆ బొమ్మ గొంతు అంతసేపు మేమెవరమూ వినలేదు. చెడుగుడు చెడుగుడు చెడుగుడు. పులి పంజా ఆడలేదు, గెంతు లేదు. గోతాన్ని ఈడ్చినట్టు గీత ఇవతలికి ఈడ్చి పడేసింది.

పోలమ్మ పలక మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఓలమ్మో," అంది, మెల్లగా. "దీనికి ఇంత బలం ఉందేటి?"

నమోదు 5

గాలి మధ్యాహ్నం పడిపోయింది. అది మంచి గుర్తు కాదు. తూర్పున నీళ్ళ రంగు మారింది.

తెప్పంతా తెలిసిపోయింది. రెండు పక్షాలయ్యారు. పాతవాళ్ళు, ఉన్న ఆట చెడగొట్టకండి అంటారు. పడుచువాళ్ళు నీళ్ళ బకెట్లు చిటికెన వేలితో ఎత్తి చూపిస్తున్నారు. ఒకడు బకెట్టు కాలి మీద వేసుకున్నాడు.

సరంగు నన్ను పిలిచాడు.

"మేష్టారూ, ఆ పిల్ల వేలు ఎప్పుడూ పని సెయ్యలేదు. సంటిపిల్ల వేలు అది. గోదాలో నొప్పెట్టి జారిపోతే ఏటౌతాది?"

"రౌండు పోతుంది."

"రౌండు కాదు. తెప్ప పోతాది. ఆ తూరుపు సూసినావా?"

చూశానన్నాను.

"పాత ఆట ఆడితే గెలవదంతావా?"

"మాణిక్యం ఆడితే గెలుస్తుంది," అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. తర్వాత, పోలమ్మ ఎలాగంటే అలాగ, అని వెళ్ళిపోయాడు.

పోలమ్మ రోజంతా చిటికెన వేలితో వల ముడులు లాగింది. వేలు వాచింది. సాయంత్రం నూనె వేడిచేసి పట్టుకెళ్ళాను. ఎలా రాయాలో నాకు తెలుసు. వేలి మొదలు నుంచి చివరికి, చివర కాస్త ఆగి. పోలమ్మ మొగుడు పక్కనే కూర్చుని ఎండుచేప కాలుస్తూ అన్నాడు: "నా నడుం ఎప్పుడూ నొప్పే బావా. దానికీ గోదా ఏటైనా ఉంటే సెప్పు."

నవ్వాను. బయటికి వినిపించేలా నవ్వి చాలా రోజులైంది. నాకే కొత్తగా ఉంది.

నమోదు 6

గాలి లేదు. ఆకాశం ఇత్తడి రంగు. సాయంత్రానికి గోడ చాటు చేరకపోతే చేరడం ఉండదు.

పొద్దున్నే గోడ మీద గోదా. తెరను రెండు గుంజలకు కట్టారు. దాని ముందు బల్ల, బల్లకు ఇటూ అటూ ఎదురెదురుగా ఆటగాళ్ళు. ఒకరి పలక ఒకరికి కనిపిస్తుంది. ఇనపతెప్ప జనం ఒక వైపు, మేం ఒక వైపు. మూడు రౌండ్లు, రెండు గెలిచినవాళ్ళది చోటు.

లోకనాథం తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. మర్యాద గల మనిషి. నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"మాణిక్యంగారి చేతిలో ఆరేళ్ళు ఓడానండి మేష్టారూ. ఆవిడ పోయారని తెలిసి మా ఇంట్లో ఏడ్చినంతగా ఎవరి కోసమూ ఏడవలేదు." పోలమ్మ వైపు తిరిగాడు. "ఏం చెల్లీ, డ్రమ్ములకు తాళ్ళు గట్టిగా కట్టుకున్నారా? సాయంత్రం బాగా ఊగుతాయట."

"మా తాళ్ళ సంగతి ఒగ్గీ అన్నా. నీ పులికి తోక కుట్టించుకో, ఊడిపోయేలాగుంది."

మా వాళ్ళు గోలగోలగా నవ్వారు. పోలమ్మ మాత్రం నవ్వకుండా పలక ముందు కూర్చుంది.

మొదటి రౌండు. పోలమ్మ వేలు లేపింది. పాత ఆటే ఆడింది. వెళ్ళింది, తాకింది, వచ్చింది. వెళ్ళింది, తాకింది, వచ్చింది. చూస్తుంటే మాణిక్యమే అనిపించింది. కాని మాణిక్యం కన్నా ఒక్క రెప్పపాటు ఆలస్యం. నాలుగో కూతకు ఆ రెప్పపాటు చాలింది. కూత అవతల తెగింది. పులి మీద పడింది. రౌండు పోయింది.

మా వైపు ఎవరో ముసలామె సముద్రానికి దండం పెట్టింది.

పోలమ్మ నా వైపు చూసింది. ఏ ఆట ఆడాలో చెప్పడానికి నాకేం హక్కుంది. ఆమె చిటికెన వేలు నోట్లో పెట్టుకుని తడి చేసుకుంది. మీట మీద దించింది.

మా తెప్ప ఆడవాళ్ళు బల్ల దగ్గరికి జరిగారు. చిన్నమ్మిని ఆడుతూ వేలు దించడం వాళ్ళెవరూ గోదాలో చూడలేదు.

రెండో రౌండు. చిన్నమ్మి కూత పెట్టి గీత దాటింది. లోకనాథం ఎప్పటిలాగే పులిని ఆమె ముందుకు జరిపి నిలబెట్టాడు. తాకనిచ్చాడు. కూత తెగడం కోసం చూస్తున్నాడు. చిన్నమ్మి తాకి వెనక్కి రాలేదు. పులి నడుం పట్టింది.

లోకనాథం పలక మీటలన్నీ నొక్కాడు. పులి కదల్లేదు. కూత సాగుతోంది. చిన్నమ్మి వెనకడుగు వేస్తూ ఈడ్చింది. గీత దగ్గర పోలమ్మ వేలు జారబోయింది. ముఖం కందిపోయింది. పెదవి కొరుక్కుని నొక్కి పట్టింది. పులి గీత ఇవతల పడింది.

ఒక్క క్షణం రెండు తెప్పల వాళ్ళకూ ఏం జరిగిందో అర్థం కాలేదు. తర్వాత మా వాళ్ళు గోడ అదిరేలా అరిచారు. ఇనపతెప్ప పెద్దలు లేచి, బొమ్మ మార్చేశారు, అది కుదరదన్నారు. లోకనాథం చెయ్యెత్తి వాళ్ళను కూర్చోబెట్టాడు. అతను పోలమ్మ పలక వంక చూస్తున్నాడు. ఆ వేలి వంక. తెలివైనవాడు. అతనికి అంతా తెలిసిపోయింది.

అక్కడే నాకు భయం వేసింది. ఇక పులి దగ్గరికి రాదు. దూరం నుంచి గెంతుతుంది. పట్టు దూరానికి అందదు. వేలు దించితే అతను వెనక్కి పోతాడు. వేలు లేపితే పోలమ్మ రెప్పపాటు ఆలస్యం. రెండు దారులూ అతనికి తెలుసు.

మూడో రౌండు. అనుకున్నట్టే పులి దూరంగా నిలబడింది. గెంతి పంజా వేసింది, పోయింది. మళ్ళీ. చిన్నమ్మి వెంట వెళితే దొరకదు. పోలమ్మ వేలు కూత మీదే ఉంది, పనికిరాకుండా. చిన్నమ్మి బలం సగానికి పడింది. ఇంకా పడింది. లోకనాథం తెర చూడటం లేదు. వేలు చూసి ఆడుతున్నాడు.

అప్పుడు పోలమ్మ వేలు లేపింది.

బాగా నొప్పెట్టినట్టు ముఖం ముడుచుకుని, నిటారుగా, మాణిక్యం లేపినట్టే లేపింది. వాచిన వేలది. ఓర్చుకోలేక తీసేసిందనే నేనూ అనుకున్నాను. నా వెనక సరంగు "అయిపోనాది" అన్నాడు.

ఉంగరపు వేలు పక్కకు జరిపి కూత పెట్టింది. పాత ఆట. చిన్న కూత. వెళ్ళింది, తాకింది, వచ్చింది. లోకనాథం ఆ వేలు చూశాడు. పులిని దగ్గరికి తెచ్చాడు. మళ్ళీ చిన్న కూత. పులి ఇంకా దగ్గరికి వచ్చింది. ఇంకొక్క కూత తెగితే ఆట అతనిది.

మూడో కూతకు చిన్నమ్మి గీత దాటింది. పులి ఆమె ఎదుటే ఉంది. పోలమ్మ చిటికెన వేలు కిందికి వాలింది. ఉంగరపు వేలు తన చోటికి వచ్చింది. ఈ రెండూ ఎప్పుడు జరిగాయో నేను చూడలేకపోయాను. కూత తెగలేదు. చిన్నమ్మి చేతులు పులి నడుం చుట్టూ ఉన్నాయి.

లోకనాథం పలక మీంచి చేతులు తీసేశాడు. ఇక ఆడటానికి ఏమీ లేదని అతనికి తెలుసు. వెనక్కి వాలి, చిన్నమ్మి తన పులిని ఈడ్చుకుపోవడం చివరిదాకా చూశాడు. చూస్తూ నవ్వాడు.

పోలమ్మ బల్ల మీద తల పెట్టేసింది. ఆడవాళ్ళు ఆమె మీద పడ్డారు. మొగుడు ఆమెను ఎత్తబోయి, నడుం పట్టుకుని కూలబడ్డాడు. సరంగు అంత పెద్దమనిషి గోడ మీద గెంతాడు. గెంతుతూనే అరిచాడు: "తాళ్ళు! ముందు తాళ్ళు పట్టండ్రా, తరవాత ఏడుద్దురు గాని!"

నమోదు 7

గాలి ఈశాన్యం. కొలిచే పరికరం విరిగింది. ఎంతో రాయలేను.

గోడ చాటున ఉన్నాం. తెప్పను లోపలికి లాగుతున్నప్పుడు తాడు పట్టినవాళ్ళు ఊపు కోసం ఏదో ఒకటి అనాలి గనక చెడుగుడు అన్నారు. అందరూ అందుకున్నారు. ఒకరి ఊపిరి అయిపోతే పక్కవాళ్ళు ఎత్తుకున్నారు. నేను గొంతు కలిపాను. నా గొంతు బాగుండదు. మాణిక్యం పాడనిచ్చేది కాదు.

గోడ అవతల అలలు మా ఇళ్ళ కన్నా ఎత్తు లేచాయి. ఇవతల నీళ్ళు ఊగాయి, అంతే. ఒక్క డ్రమ్మూ పోలేదు. ఒక్క మనిషీ పోలేదు. గుణదోషాల్లో చిన్నమ్మి దోషం కొట్టేశాను. పోలమ్మ పిల్లలు నా ఇంట్లో పడుకున్నారు. వాళ్ళ ఇంటి కప్పు రేకు లేచిపోయింది. రేపు వేస్తాం.

గాలి కాస్త తగ్గాక రేడియో పలికింది. నడిసంద్రం నుంచి లోకనాథం. ఇనపతెప్ప క్షేమం. అందరికీ వాంతులు, అంతే.

"మేష్టారండీ, ఒక్క మాట. తేలక నిద్ర పట్టట్లేదు. ఆ వేలు లేపడం అబద్ధమా, దించడం అబద్ధమా?"

పోలమ్మ పక్కనే ఉంది. నువ్వే చెప్పు అన్నట్టు నా వంక చూసింది.

"రెండూ నిజమే లోకనాథంగారూ," అన్నాను. "లేపింది మాణిక్యం. దించింది పోలమ్మ."

గాలి హోరులో అతని నవ్వు వినిపించింది.

"అదండీ సంగతి," అన్నాడు లోకనాథం. "ఇద్దరితో ఆడానన్నమాట. ఇంకేం గెలుస్తాను."